అమ్మమ్మ కన్నూ, ప్రశ్న లేని జవాబూ

మా బంధువుల్లో ఏ పెళ్ళి జరిగినా, భోజనాలయ్యాక చాపల మీద చేరగిలబడి వక్కపలుకులు నములుతూ మా అమ్మమ్మ కథ ఒకటి చెప్పుకుంటారు. చదువురాని ముసలావిడ, పత్రికలో ఏదో పడిందంటే నమ్మేసి, కంట్లో తేనె పోసుకుని, నిక్షేపంలాంటి కన్ను పోగొట్టుకుందట. చెప్పినవాళ్ళు చివర్లో నాలుక చప్పరించి, "ఆ కాలం మనుషులు అంతేనండీ" అంటారు. విన్నవాళ్ళు తలూపుతారు. నేను ఊపను. "మీరు చెప్పింది తప్పు" అని మొదలుపెడతాను. అందుకే ఈమధ్య నేను చేతులు కడుక్కోవడానికి వెళ్ళిన సమయం చూసి చెబుతున్నారట.

కన్ను పోయిన మాట నిజం. అమ్మమ్మకు చదువు రాదన్నదీ నిజమే. కాని పత్రికను నమ్మింది ఆవిడ కాదు. నమ్మిన మనిషికి ఎమ్మే డిగ్రీ ఉంది, బాపట్లలో కాలేజీ పిల్లలకు లెక్కలు చెప్పే ఉద్యోగం ఉంది. ఆయన ఆవిడ కొడుకే, మా మామయ్య.

కథ సరిగ్గా చెప్పాలంటే ముందు ఆ పత్రిక సంగతి చెప్పాలి. అరవైల చివర్లో నేను తెనాలిలో బి.ఎ. చదువుతున్నప్పుడు మా ఇంటికి ఒక వారపత్రిక వచ్చేది. వచ్చిన రోజు మధ్యాహ్నం మా వసారాలో సభ. వీధిలోని ఆడవాళ్ళంతా చేటలు పట్టుకుని వచ్చి బియ్యంలో రాళ్ళు ఏరుతూ కూర్చునేవారు. నేను పైకి చదవాలి. ఆడపిల్లను కాలేజీకి పంపినందుకు వీధి వాళ్ళు మా ఇంటి నుంచి వసూలు చేసుకున్న ఫలం అదొక్కటే. సీరియల్ ముందు చదవమని కోడళ్ళు, డాక్టరుగారి పేజీ ముందు చదవమని అత్తగార్లు. అత్తగార్ల మాటే నెగ్గేది.

డాక్టరుగారి పేజీ ఒక వింత. పాఠకులు తమ బాధలు రాసి పంపుతారు, ఆయన జవాబులు చెబుతారు. అయితే రాసినవాళ్ళ పరువు కాపాడాలని పేర్లు వేసేవారు కాదు. ప్రశ్నలు కూడా వేసేవారు కాదు. "ఒక సోదరి, చీరాల" అని ఉంటుంది, కింద జవాబు ఉంటుంది, అంతే. ఆ సోదరికి వచ్చింది తలనొప్పో, కడుపునొప్పో, అత్తగారో మనమే ఊహించుకోవాలి. మా వసారాలో ఆ ఊహలు సీరియల్‌ను మించి రక్తి కట్టేవి.

అక్కడితో ఆగితే నేనూ నవ్వేసి ఊరుకునేదాన్ని. కాని జవాబు ఎవరికైనా, మందు మాత్రం అందరూ పుచ్చుకునేవారు. ఒకసారి, "ఒక సోదరి, తెనాలి: వంకాయ పూర్తిగా మానండి. మిగతాది అదే సర్దుకుంటుంది" అని పడింది. ఏది సర్దుకుంటుందో తెలియదు. అయినా మా వీధిలో వంకాయ వండడం మానేశారు. కొల్లూరు లంకల నుంచి లేత వంకాయలు గంపల నిండా వచ్చే రోజులవి. గంప దించిన ఆవిడ, "ఏంటమ్మా, ఊళ్ళో ఎవరన్నా పోయారా?" అని భయంగా అడిగింది. మా నాన్న వంకాయ లేనిదే ముద్ద దిగని మనిషి. రోజూ సాయంత్రం పనుందని బజారుకు వెళ్ళి, హోటల్లో గుత్తివంకాయ తిని, మూతి తుడుచుకుని వచ్చేవారు.

"నీకే రోగముందని వంకాయ మానేశావమ్మా?" అని మా అమ్మను అడిగాను.

"రోగం వచ్చాక మానేదేంటి, ముందే మానితే అసలు రాదుగా" అంది.

"ఏ రోగం రాదు?"

"అదే. ఆవిడకొచ్చింది."



అప్పటికి రేపల్లెలో మా అమ్మమ్మకు రెండు కళ్ళలోనూ శుక్లాలు వచ్చాయి. ఎడమ కంటిది బాగా ముదిరింది, కుడి కంటిది ఇంకా ముదరలేదు. ఆ రోజుల్లో శుక్లం ముదిరితేగాని కోసేవారు కాదు. క్రిస్మస్ సెలవుల్లో తెనాలిలో ఒక బడిలో కంటి శిబిరం పెడతారనీ, బాపట్ల నుంచి ఒక డాక్టరమ్మ వచ్చి ఆపరేషన్లు చేస్తుందనీ తెలిసింది. ఎడమ కన్ను అక్కడ చేయించాలనుకున్నాం. మాకంటే అమ్మమ్మకే తొందర. దైవదర్శనానికో, మనవళ్ళ మొహాలు చూడడానికో కాదు, గవ్వల ఆట కోసం.

రేపల్లెలో అమ్మమ్మ ఎదురింట్లో ఒక రిటైరైన టీచరమ్మ ఉండేది. లూథరన్ బడిలో చాలాకాలం పనిచేసింది. అమ్మమ్మను "వదినగారూ" అని పిలిచేది. ఆవిడా అమ్మమ్మా రోజూ అరుగు మీద పచ్చీసు ఆడేవారు. గవ్వలు విసిరితే ఎన్ని వెల్లకిలా పడ్డాయో లెక్కపెట్టి కాయ జరపాలి. అమ్మమ్మకు చూపు మసకబారిన దగ్గర్నుంచి లెక్కపెట్టే పని టీచరమ్మది. అప్పటి నుంచి అమ్మమ్మ వరసగా ఓడిపోతోంది.

"నాకు కన్ను రానియ్, దాని సంగతి తేలుస్తా" అనేది అమ్మమ్మ.

దసరా సెలవులకు ముందు వచ్చిన సంచికలో ఈ జవాబు ఉంది: "ఒక అభిమాని, రేపల్లె: తొందరపడి ఆపరేషన్‌కు ఒప్పుకోకండి. మంచి తేనె రెండు పూటలా విడవకుండా వాడండి. మూడు నెలల్లో అదే కరిగిపోతుంది. ధైర్యంగా ఉండండి."

నేను వసారాలో చదవగానే చేటలు ఆగిపోయాయి. "రేపల్లె అంటే మీ అమ్మగారి ఊరే గదా!" అని అందరూ మా అమ్మ వైపు తిరిగారు. మర్నాడు బాపట్ల నుంచి రైలు దిగి మామయ్య వచ్చాడు. చంకలో అదే పత్రిక, చేతిసంచిలో తువ్వాలు చుట్టిన తేనె సీసా.

"నేను రేపల్లె పోతున్నా. శిబిరం మాట ఇంక ఎత్తొద్దు" అన్నాడు మా అమ్మతో. నాకు సెలవులే కాబట్టి నేనూ రైలెక్కాను. చుట్టూ జనం ఉన్నా వాదన మొదలుపెట్టాను.

"మామయ్యా, ఇందులో కన్ను అన్న మాటే లేదు."

"ఆపరేషన్ అన్నాడా లేదా?"

"అన్నాడు."

"రేపల్లె అన్నాడా లేదా?"

"అన్నాడు."

"రేపల్లెలో ఆపరేషన్‌కి సిద్ధమైంది ఎవరే?"

"ఊరంతటికీ అమ్మమ్మ ఒక్కతేనా? అయినా వాడమన్నాడుగాని కంట్లో పోయమన్నాడా? తాగమనేమో."

"తాగితే పొట్టలోకి పోద్ది. కంట్లోకి ఎట్టా వచ్చిద్ది? బి.ఎ. చదువుతున్నావు, కాస్త శాస్త్రీయంగా ఆలోచించు."

నేను పత్రిక లాక్కుని ఆ జవాబు మీద వేలు పెట్టి చూపించాను. 

"అంత పెద్ద పత్రిక, ఊరూరా చదువుతారు. తప్పయితే అచ్చేస్తారా? మొన్న రేడియోలో కూడా తేనె గురించి చెప్పారు" అన్నాడు. ఆ రేడియో ప్రసంగం నేనూ విన్నాను. రైతుల కార్యక్రమంలో తేనెటీగల పెంపకం గురించి చెప్పారు. ఏ పెట్టెలో పెంచాలి, ఏ పూల దగ్గర పెట్టాలి అని. కంటి ఊసే లేదు.

ఎదురుగా కూర్చున్న పెద్దాయన మా మాటలు వింటూనే ఉన్నాడు. "ఆ పత్రిక మా ఇంట్లోనూ చదివారండి. మాదీ రేపల్లే. మా తమ్ముడికి మూత్రంలో రాయి. పొద్దున్నే తేనె మొదలెట్టాం" అన్నాడు.

"చూశావా మామయ్యా! అది రాయి గురించి!" అన్నాను.

"చూశావా, అందరూ వాడుతున్నారు!" అన్నాడు మామయ్య.

రేపల్లెలో దిగాక తెలిసింది, ఆ జవాబు అక్కడ ఎవరి రోగానికి వాళ్ళదైపోయిందని. మెడ మీద గడ్డ ఉన్నావిడ గడ్డకు పూస్తోంది. పొట్ట పెరిగిన వ్యాపారి పరగడుపున గ్లాసుడు తాగుతున్నాడు. ఎదురింటి టీచరమ్మ రెండు మోకాళ్ళకూ తేనె పట్టించి, పాత గుడ్డ చుట్టుకుని, ఈగలు తోలుకుంటూ కూర్చుంది. ఊళ్ళో తేనె దొరక్క బెల్లం పాకం సీసాల్లో పోసి అమ్మినవాళ్ళు కూడా ఉన్నారట. ఒకే జవాబు అన్ని ప్రశ్నలకూ సరిపోవడం చూసి ఊరికి దాని మీద గురి మరీ పెరిగింది.

అమ్మమ్మ మాత్రం అరుగు మీద కూర్చుని అంతా విని, తాపీగా అడిగింది.

"అయితే ఆ రాసినాయన ఏం అడిగాడంటా?"

"ప్రశ్న వెయ్యరమ్మా. జవాబే వేస్తారు" అన్నాడు మామయ్య.

"ప్రశ్న ఏంటో తెలీకుండా జవాబు నాదేనని ఎట్టా అన్నావురా అబ్బాయ్? నువ్వు పిల్లలకి లెక్కలు ఇట్టాగే చెబుతున్నావా?"

నేను పగలబడి నవ్వాను. కాలేజీలో లెక్క చేసిన దారి చూపకుండా జవాబు ఒక్కటే రాసిన వాళ్ళకు సున్నా పెడతాడని మామయ్యకు పేరు. ఆయన మొహం ఎర్రబడింది. "నీకు నవ్వులాటగా ఉంది. కత్తి పెట్టాక ఏదన్నా అయితే?" అన్నాడు. ఆ మాట అంటూ తేనె సీసాను రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాడు.

అప్పుడు నాకు అర్థం కాలేదు, అమ్మమ్మకు వెంటనే అర్థమైంది. మా తాతయ్య ఏదో ఆపరేషన్ కోసం ఆసుపత్రికి వెళ్ళి తిరిగి రాలేదు. అప్పటికి మామయ్య చిన్నవాడు. ఆపరేషన్ అన్న మాట వింటే ఆయనకు అదే ముందు గుర్తొస్తుంది. ఎన్ని లెక్కలు చదివినా ఆ భయం పోలేదు. ఆపరేషన్ వద్దు అని ఎవరైనా చెబితే బాగుండునని ఎదురుచూస్తున్న మనిషికి, అచ్చులో, ఊరి పేరుతో సహా, వద్దు అని కనిపించింది. ఇంక ప్రశ్న ఏమిటని ఎందుకు అడుగుతాడు?

అమ్మమ్మ గవ్వలు చేతిలో ఆడించింది. తర్వాత, "సరే, బేరం చెబుతా విను" అంది. "ఎడమది ముదిరింది, అది డాక్టరమ్మది. దాని జోలికి రాబాకు. కుడిదానికి ఇంకా టైముందన్నారుగా, అది నీ పుస్తకానికిస్తా. పోసుకో ఏం పోసుకుంటావో."

"అమ్మమ్మా!" అన్నాను.

"నువ్వు ఊరుకో పిల్లా. వాడు అంత దూరం నుంచి సీసా పట్టుకొచ్చాడు" అంది.

పెళ్ళిళ్ళలో చెప్పుకునే కథలో ఈ బేరం ఉండదు. ఆవిడ నమ్మి కన్ను ఇవ్వలేదు. నమ్మకుండానే ఇచ్చింది.

సెలవులయ్యాక మామయ్య బాపట్ల వెళ్ళాడు. రోజూ పొద్దునా సాయంత్రం తేనె చుక్కలు వేసే పని టీచరమ్మ తీసుకుంది. మొదటి వారమే దిండుకు చీమలు పట్టాయి. "నాకు చూపు వస్తుందో రాదోగాని చీమలకి మాత్రం దారి బాగా కనపడుతోంది" అని అమ్మమ్మ కబురు పంపింది. కొన్నాళ్ళకు కన్ను ఎర్రబడింది. వేడి బయటికి వస్తోందన్నారు. నీరు కారింది. కరగడం మొదలైందన్నారు. నొప్పి పుట్టింది. అంటే మందు లోపలికి దిగిందన్నారు. ఇంత గొప్ప వైద్యం నేను మళ్ళీ చూడలేదు. కన్నుకు ఏమైనా అది మందు గొప్పతనమే! మామయ్య మాత్రం కార్డు మీద కార్డు రాసేవాడు, "కరుగుతోందా?" అని.

శిబిరం రోజు అమ్మమ్మను తెనాలి తీసుకొచ్చాం. బాపట్ల నుంచి మామయ్య కూడా వచ్చి గోడ పక్కన నిలబడ్డాడు. డాక్టరమ్మ టార్చి వేసి ముందు కుడి కన్ను చూసింది, మళ్ళీ చూసింది.

"ఏం పెట్టారమ్మా ఈ కంట్లో?"

"మా అబ్బాయి చదువు పెట్టాడమ్మా" అంది అమ్మమ్మ.

మామయ్య తల ఎత్తలేదు. సంగతి నేను చెప్పాను. డాక్టరమ్మ తిట్టిన తిట్లు మామయ్యకు మాత్రమే కాదు, గదిలో ఉన్న అందరికీ తగిలాయి. కుడి కంటి నల్లగుడ్డు మీద పుండు పడింది. అది మానినా మచ్చ మిగులుతుంది, ఇక చూపు రాదు. పైగా ఇది పూర్తిగా తగ్గితేగాని రెండో కన్ను ముట్టుకోనంది. అంటే శిబిరంలో కుదరదు. "బాపట్లలో మా ఆసుపత్రికి తీసుకురండి. ఈలోగా ఎవరన్నా తేనె అన్నారంటే ఆ మనిషిని కూడా తీసుకురండి" అంది.

అప్పటిదాకా హాయిగా నవ్వుకున్న వాళ్ళందరికీ అప్పుడు భయం పట్టుకుంది. ఉన్నది ఇక ఒక్క కన్ను. అది కూడా కోయించాలి. అమ్మమ్మ బాపట్లలో మామయ్య ఇంట్లోనే ఉంది. రోజూ కాలేజీకి ముందు ఆయనే రిక్షాలో ఆసుపత్రికి తీసుకెళ్ళేవాడు. దారిలో ఇద్దరూ ఏం మాట్లాడుకునేవారో తెలియదు. నేను అడిగితే, "లెక్కలు" అంది అమ్మమ్మ.

పుండు మానాక ఎడమ కన్ను ఆపరేషన్ అయింది. ఇప్పటిలా మధ్యాహ్నం చేసి సాయంత్రం పంపడం కాదు. కంటికి కట్టు కట్టి, తల కదలకుండా అటూ ఇటూ ఇసుక మూటలు పెట్టి, రోజుల తరబడి వెల్లకిలా పడుకోబెట్టేవారు. దగ్గకూడదు, తుమ్మకూడదు, నవ్వకూడదు. మా అమ్మమ్మను నవ్వకూడదనడం ఎంత శిక్షో మాకు తెలుసు. నేను చూడబోయిన రోజు మామయ్య మంచం పక్కన కూర్చుని ఆ వారపత్రికే చదివి వినిపిస్తున్నాడు. "ఏదన్నా చదువుగాని ఆ పేజీ చదవబాకు" అని ఆవిడ షరతు. సీరియల్ అయిపోయింది. పేజీ తిప్పాడు. తిప్పినవాడు మళ్ళీ వెనక్కి తిప్పబోయాడు.

"ఏంట్రా, ఆగావు?" అంది అమ్మమ్మ.

"ఏం లేదమ్మా."

"ఆ పేజీయేనా? సరే చదువు, వింటా."

మామయ్య చదివాడు. "ఒక అభిమాని, రేపల్లె: మీ ఉత్తరం చూసి సంతోషించాను. పూర్తిగా కరిగిపోయినా మరో నెల తేనె మానకండి."

 ఇసుక మూటల మధ్య నుంచి అమ్మమ్మ నెమ్మదిగా అంది. "ఎవడికోగాని, కరిగిందిరా!"

పెదవులు బిగబట్టుకున్నా మంచం కదలడం మొదలుపెట్టింది. "నవ్వొద్దమ్మా, నీకు దండం పెడతా" అని మామయ్య రెండు చేతులతో ఆవిడ తల పట్టుకున్నాడు. పట్టుకుని తనే ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో చెప్పలేని స్థితిలో పడ్డాడు. నర్సు వచ్చి మా ముగ్గురినీ తిట్టి, పత్రిక లాక్కుని పోయింది.

నేను ఊరుకోలేదు. తెనాలి రాగానే మొదట పత్రిక ఏజెంటు మీద పడ్డాను. "నేను అమ్మేది కాయితమండి అమ్మాయిగారూ, మందు కాదండి" అన్నాడు. అదీ నిజమే. అప్పుడు డాక్టరుగారికే ఉత్తరం రాశాను. ప్రశ్నలు వేయకుండా జవాబులు వేయడం ఎంత ప్రమాదమో, మా ఇంట్లో ఏం జరిగిందో వివరంగా, కాస్త గట్టిగానే రాశాను. జవాబు వచ్చింది. ఆ పేజీలోనే వచ్చింది. చూసుకోకుండా వసారాలో పైకి చదివేశాను.

"ఒక విద్యార్థిని, తెనాలి: ఈ వయసులో ఇంత ఆవేశం మంచిది కాదు. పడుకోబోయే ముందు గోరువెచ్చని పాలలో చిటికెడు పసుపు వేసుకుని తాగండి. వివాహమైతే అదే సర్దుకుంటుంది."

"ఎవరే ఈ పిల్ల, పాపం?" అన్నారు అత్తగార్లు. ఆ వారం నుంచి మా వీధిలో ఈడొచ్చిన ఆడపిల్లలందరికీ పసుపు పాలు తప్పలేదు. నాక్కూడా మా అమ్మ గ్లాసు తెచ్చి పెట్టింది. పాలు తాగాను, తర్వాత పెళ్ళీ చేసుకున్నాను. ఆవేశం సర్దుకుందో లేదో మా ఆయన్ని అడగండి.

అమ్మమ్మ ఎడమ కంటికి చూపు వచ్చింది. సోడాబుడ్డి కళ్ళద్దాలు పెట్టుకుని రేపల్లెలో దిగిన రోజే అరుగు మీద గవ్వలు పరిచింది. టీచరమ్మ విసిరి, అలవాటుగా "అయిదు" అంది. అమ్మమ్మ వంగి చూసి, "మూడు" అంది.

"ఆ అద్దాల్లో తగ్గి కనపడుతున్నాయేమో వదినగారూ."

"నీ మోకాళ్ళు కరిగాయా టీచరమ్మా?" అంది అమ్మమ్మ. టీచరమ్మ మూడు గళ్ళే జరిపింది.

కుడి కన్ను మాత్రం చివరిదాకా తెల్లగానే ఉండిపోయింది. ఎవరైనా అడిగితే, "నేనే ఏదో పోసుకున్నానమ్మా" అనేది. కొడుకు మాట ఎత్తేది కాదు. పెళ్ళి పందిళ్ళలో తిరిగే కథకు మూలం ఆ మాటే. ఆవిడ చేతులారా మొదలుపెట్టిన అబద్ధాన్ని నేను ఎందుకు ఖండిస్తున్నానని మా అమ్మకు కోపం. ఆ కథ చెప్పుకునేటప్పుడు మామయ్య కూడా అక్కడే ఉంటాడు. అందరూ "చదువు లేకపోతే అంతేనండీ" అంటుంటే ఆకు ఈనెలు తీస్తూ కూర్చుంటాడు. నేను లేచి మాట్లాడితే ఆయన మొహంలో బాధేమీ కనిపించదు. హమ్మయ్య, ఎవరో ఒకరు నిజం అన్నారన్నట్టు చూస్తాడు. ఆయన చదివే పత్రికలో ఇప్పటికీ ఆరోగ్యం పేజీ ఉంది. కిందటి ఏడాది కాఫీ మానేశాడు, ఈ ఏడాది మళ్ళీ మొదలుపెట్టాడు. రెండూ అచ్చులో చూసే.

నేను రేపల్లె వెళ్ళినప్పుడల్లా కాస్త వయసు మళ్ళిన వాళ్ళు కనిపిస్తే అడుగుతూనే ఉన్నాను. మూత్రంలో రాయి ఉన్న తమ్ముడికి చివరికి ఆపరేషనే అయిందట. మెడ మీద గడ్డ గడ్డగానే ఉందట. వ్యాపారి పొట్ట ఆయనతోపాటే పోయిందట. మా అమ్మమ్మ కన్ను కరగలేదు, టీచరమ్మ మోకాళ్ళు కరగలేదు. అయినా ఆ ఊళ్ళోనే ఎవరో ఒకరు, సంతోషం పట్టలేక, కార్డు కొని, పూర్తిగా కరిగిపోయిందని డాక్టరుగారికి రాశారు. అయ్యా, అమ్మా, మీరెవరోగాని ఇంకా ఉంటే ఒక్క మాట చెప్పండి. మీకు కరిగిందేంటి?